వానలో... రాళ్ల ఒడ్డున!

ముసురు పడితే ఎవరైనా ఏం చేస్తారు? కిటికీ పక్కన కూర్చుని వేడివేడి పకోడీలు తింటారు. విశాఖపట్నం వాళ్ల తీరే వేరు. గొడుగు పట్టుకుని బీచ్ రోడ్డెక్కుతారు. 'వానలో సముద్రం చూడ్డమేంటి, పైనా నీళ్లే కిందా నీళ్లే' అని బయటి ఊళ్ల వాళ్లు నవ్వుతారుగానీ, ఒక్కసారి వెళ్లొస్తే మాత్రం మళ్లీ ఆ మాట అనరు.

జులై నెలాఖరు ఆదివారం. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి లాడ్జిలో సామాన్లు పడేసిన ఓ హైదరాబాద్ కుటుంబానికి ఏం చేయాలో పాలుపోలేదు. అరకు అనుకున్నారు... ఘాట్‌రోడ్డులో వాన జోరుగా ఉందని మానుకున్నారు. కైలాసగిరి అనుకున్నారు... పైన మబ్బు తప్ప ఇంకేమీ కనిపించదన్నారు. పదేళ్ల పిల్లాడు, ఏడేళ్ల పిల్ల. ఇద్దరూ సముద్రాన్ని సినిమాల్లో తప్ప చూడలేదు. సోమవారం సాయంత్రానికి తిరుగు రైలు. ఉన్నదల్లా ఆ ఒక్క ఆదివారమే. పిల్లల మొహాలు చూసి ఆటో డ్రైవరే దారి చెప్పాడు. ''దానికెందుకు బాబూ అంత ఆలోచన? తెన్నేటి పార్కు కాడ దింపేస్తాను. వానలోనే బాగుంటాది''.

అతను చెప్పింది నిజమే. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్తుంటే లాసన్స్‌బే కాలనీ దాటాక ఓ పక్క కైలాసగిరి, మరో పక్క సముద్రం. మధ్యలో రోడ్డు. ఆ రోడ్డుకీ సముద్రానికీ నడుమ చిన్న మెట్ట మీద ఉంటుంది తెన్నేటి పార్కు. పైన పచ్చగడ్డి, చెట్లు, బెంచీలు. మెట్లు దిగితే రాళ్లు. ఏనుగంత రాళ్లు, ఇల్లంత రాళ్లు, మధ్యమధ్యలో దోసెడంత ఇసుక. ఆర్కే బీచ్‌లో ఉన్నట్టు పొడవాటి ఇసుక మేట ఉండదిక్కడ. అందుకే జనం కూడా కాస్త తక్కువే.

పార్కుకి ఆ పేరు తెన్నేటి విశ్వనాథంది. స్వాతంత్ర్య సమరయోధుడు, 1953లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలో మంత్రి, 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో ఊరూవాడా కదిలినప్పుడు ముందు వరసలో నిలిచిన నాయకుడు. సాయంత్రాలు ఇక్కడ బెంచీల మీద కబుర్లు చెప్పుకునే కుర్రాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో!

వాళ్లు వెళ్లేసరికి సముద్రం పోటు మీద ఉంది. రాళ్లేవీ కనిపించలేదు, వాటి మీద విరిగి లేస్తున్న నురగ తప్ప. తాతయ్య కళ్లద్దాలు తుడుచుకోవడంతోనే సరిపోయింది. గొడుగు గాలికి వెనక్కి తిరిగింది. చేసేది లేక చెట్టు కింద నిలబడి మొక్కజొన్న పొత్తులు కొనుక్కున్నారు. బొగ్గుల మీద కాల్చి, ఉప్పూ కారం కలిపి, నిమ్మచెక్కతో రుద్ది ఇచ్చిన పొత్తు వానలో తింటే ఆ రుచి వేరు. పిల్లల మొహాల్లోకి అప్పటికి కాస్త వెలుగొచ్చింది.

''అదిగో... ఓడ కూకున్నది అక్కడే'' అంటూ పొత్తులు కాల్చే ఆమె రాళ్ల వైపు చేయి చూపించింది.

2020 అక్టోబరు 13. బంగాళాఖాతంలో తీవ్ర వాయుగుండం. అది కాకినాడ దగ్గర తీరం దాటిన రోజునే, తెల్లవారుజామున, బంగ్లాదేశ్‌కు చెందిన 'ఎం.వి.మా' అనే సరకు ఓడ లంగరు నిలవక కొట్టుకొచ్చి సరిగ్గా ఈ పార్కు కింద రాళ్ల మీదికి ఎక్కేసింది. అందులోని సిబ్బందికి ప్రాణాపాయం తప్పింది. ఓడ మాత్రం కదల్లేదు. అంతే, మర్నాటి నుంచీ తెన్నేటి పార్కు తిరనాళ్లయిపోయింది. సెల్ఫీ దిగని విశాఖవాసి లేడంటే అతిశయోక్తి కాదు. ఓడని తేలే హోటల్‌గా మారుస్తామన్న మాట వినిపించిందిగానీ, అది మాటగానే మిగిలిపోయింది. అంత ఇనుప ఓడనే కదలకుండా పట్టుకున్న రాళ్లివి. వీటి సంగతి కాస్త తెలుసుకోవాల్సిందే.

ఈ రాయి పేరు ఖోండలైట్

ఎండలో చూస్తే ఇవి మామూలు రాళ్లే. మట్టిరంగులో, అక్కడక్కడా ఎర్రగా, ఎవరో చెక్కినట్టు గుంటలు గుంటలుగా ఉంటాయి. అసలు అందం బయటపడేది వానలోనే. తడిసిన రాయి మీద ఎర్రటి చుక్కలు మెరుస్తాయి. అవి గార్నెట్లు. నవరత్నాల్లో మనం చెప్పుకునే గోమేధికం కూడా ఆ కుటుంబానిదే. కాకపోతే ఇక్కడున్నవి ఉంగరంలో పొదిగేంత మేలిరకం కాదు కాబట్టి ఉలి పట్టుకుని బయల్దేరక్కర్లేదు.

భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాయిని ఖోండలైట్ అంటారు. వందేళ్ల పైచిలుకు కిందట ఒడిశాలోని కలహండి ప్రాంతంలో సర్వే చేసిన టి.ఎల్.వాకర్ అనే శాస్త్రవేత్త, తూర్పు కనుమల్లో బతికే ఖోండు తెగ పేరే ఈ రాయికి పెట్టాడు. కోణార్క్ సూర్యదేవాలయం కట్టిందీ ఈ జాతి రాయితోనే. ఇదంతా ఒకనాడు నీటి అడుగున పేరుకున్న బురదా ఇసుకా. అది భూమి లోతుల్లోకి దిగి, అక్కడి వేడికీ ఒత్తిడికీ ఉడికి, సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట ఇలా రాయిగా మారింది. డైనోసార్లు పుట్టడానికి డెబ్భై కోట్ల ఏళ్లకు పైగా ముందు మాట! ఆ కాలంలో మన తూర్పు కనుమలూ, అంటార్కిటికా తూర్పు భాగమూ ఒకే నేల. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట రెండూ విడిపోయాయి. పార్కు బెంచీ మీద కూర్చుంటే ఎదురుగా కనిపించే నీళ్లన్నీ ఆ విడాకుల తర్వాత మధ్యలోకి వచ్చినవే.

రాయి అరిగితే ఏమవుతుంది? ఇసుకవుతుంది. అందుకే ఇక్కడి ఇసుక ఒక్క రంగులో ఉండదు. వాన వెలిసిన వెంటనే చూడండి... తెల్లటి ఇసుక మీద ఎవరో గులాబీరంగు చీర ఆరేసినట్టు చారలుంటాయి. అది గార్నెట్ పొడి. దాని పక్కనే నల్లటి చార ఇల్మనైట్‌ది, అంటే టైటానియం ఖనిజం. మామూలు ఇసుక కంటే ఇవి బరువు. అల వెనక్కి వెళ్తూ తేలిక రేణువుల్ని లాక్కుపోతే బరువైనవి మిగిలిపోతాయి. బియ్యం చెరిగినప్పుడు చేటలో జరిగే పనే! వడ్రంగులు చెక్కని నునుపు చేయడానికి వాడే ఉప్పుకాగితంలోనూ గార్నెట్ పొడి ఉంటుంది.

ఈ రాయి చేసిన మరో చిత్రం చూడాలంటే భీమిలి రోడ్డులోనే ఇంకాస్త ముందుకెళ్లాలి. మంగమారిపేట ఒడ్డున అలలు రాతిని మధ్యలో తొలిచేసి తోరణంలా నిలబెట్టాయి. దాని ఎదురుగా ఉన్న కొండే తొట్లకొండ. నీటి కోసం బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్ల ఆ పేరొచ్చింది. 1976లో నౌకాదళం జరిపిన విమాన సర్వేలో ఆ ఆరామం జాడ బయటపడింది. ఇంకా ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. 2014లో జాతీయ భూవారసత్వ సంపదగా గుర్తింపు పొందిన ఆ దిబ్బల్ని చెక్కింది వాన నీళ్లే. కానీ వాన పడుతున్నప్పుడు ఆ గండ్లలోకి దిగకపోవడమే మేలు. అక్కడి అంచులు ఎప్పుడు జారతాయో చెప్పలేం.

గోడమీద క్యాలెండర్ చెబుతుంది

మధ్యాహ్నం దాటింది. వాన తుంపరగా మారింది. పిల్లది ముందుగా గమనించింది... ''తాతయ్యా, సముద్రం వెనక్కెళ్లిపోతోంది!''

పొద్దున నురగలో మునిగి ఉన్న రాళ్లు ఒక్కొక్కటే తలెత్తాయి. అది అమావాస్య దాటిన మర్నాడు. పిల్లలకు ఆటుపోట్ల గురించి పాఠంలో ఉంటుంది. కానీ బీచ్‌కి వెళ్లే ముందు తిథి చూసుకోవాలన్న సంగతి మాత్రం ఏ పాఠంలోనూ ఉండదు. అమావాస్య, పౌర్ణమి... ఈ రెండు తిథుల చుట్టూ రెండు మూడు రోజులు పోటు బాగా ఎక్కువ, పాటు బాగా తక్కువ. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో నిలిచి నీటిని లాగుతారు మరి. అష్టమి రోజుల్లో తేడా తగ్గిపోతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ వచ్చిన వేళకంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. గుజరాత్‌లోని ఖంబాత్ సింధుశాఖలో నీటి మట్టం పది మీటర్లకు పైగా పెరిగి తగ్గుతుంది. విశాఖలో అంత లేదు, ఎంత పెద్ద పోటయినా తేడా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూ. ఆ ఒకటిన్నర మీటరులోనే ఒక ఊరు ఊరంతా బతుకుతోంది.

నీళ్లు తీశాక రాళ్ల గుంటల్లో మిగిలిపోయిన చిన్న చిన్న మడుగులున్నాయే... ఆ ఊరు అదే. పిల్లాడు మోకాళ్ల మీద కూర్చుని తొంగి చూస్తే మొదట ఏమీ కనిపించలేదు. నాచు, గులకరాళ్లు, అంతే. తాతయ్య ''కదలకుండా వంద అంకెలు లెక్కపెట్టు'' అన్నాడు. నలభై దాటకముందే ఓ నత్తగుల్ల లేచి నడవడం మొదలెట్టింది. నత్త నడక కాదది, పరుగు! చూస్తే దాని కింద పీత కాళ్లు. వెనక భాగం మెత్తగా ఉండే ఆ పీత, చచ్చిపోయిన నత్త వదిలేసిన గుల్లలో దూరి కాపురం పెడుతుంది. ఒళ్లు పెరిగితే ఇల్లు మారుస్తుంది. దానికి కట్టుకోవడం రాదు, వెతుక్కోవడమే. ఒడ్డున ఉన్న అందమైన ఖాళీ గుల్లలన్నీ మనం సంచిలో వేసుకొచ్చేస్తే దానికి అద్దె ఇల్లు దొరకదన్నమాట. పిల్లది అప్పటికే ఏరిపెట్టుకున్న గుప్పెడు గుల్లల్లో సగం అక్కడే పెట్టేసింది. సగమే. మిగతా సగం ఆమె ఫ్రాకు జేబులోనే ఉన్నాయి. (కొన్ని జాతుల గుల్లలూ, పగడాలూ, సముద్ర గుర్రాలూ అయితే ఇంటికి తెచ్చుకోవడం చట్టరీత్యా నేరం. 2001లో వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు.)

వాన రోజున ఈ మడుగుల్లో ఇంకో విశేషం ఉంది. సముద్రపు నీళ్లలో బతికే జీవికి ఉప్పు తగ్గితే కష్టం. మడుగులోకి వాన నీళ్లు పడుతున్నకొద్దీ ఉప్పదనం తగ్గుతుంది. అప్పుడు నత్తలు తమ గుల్లకి ఉన్న చిన్న మూతని తలుపులా బిగించేసుకుంటాయి. చిప్పలు దగ్గరగా మూసుకుంటాయి. పువ్వులా విచ్చుకుని ఉండే ఎనిమోన్ రేకులన్నీ లోపలికి లాక్కుని జిగురు ముద్దలా కూర్చుంటుంది. పీతలు రాతి సందుల్లోకి దూరిపోతాయి. మన ఊళ్లలో వానొస్తే తలుపులేసుకుని కూర్చోమూ? అలాగే. తుంపర ఆగి, మళ్లీ ఒక అల వచ్చి ఉప్పునీళ్లు పోసి వెళ్లేదాకా ఆ ఊళ్లో కర్ఫ్యూయే.

రాయి నిండా బుడిపెల్లా, చిన్న చిన్న అగ్నిపర్వతాల్లా అతుక్కుని, కాలికి గుచ్చుకునేవి బార్నకిల్స్. చూడ్డానికి గుల్లల్లా ఉన్నా ఇవి రొయ్యలకీ పీతలకీ చుట్టాలు. పిల్లగా ఉన్నప్పుడు స్వేచ్ఛగా ఈదుతాయి. ఓ రోజు తలని రాతికి ఆనించి జిగురుతో అతికించేసుకుంటాయి. ఇక అంతే, జన్మంతా తలకిందులుగానే. నీళ్లు వచ్చినప్పుడు మూత తెరిచి కాళ్లు బయటపెట్టి, ఆ కాళ్లతోనే తిండిని లోపలికి విసురుకుంటాయి. పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్ వీటిని పట్టుకుని 1846 నుంచి ఎనిమిదేళ్లు కూర్చున్నాడంటే ఆశ్చర్యమేముంది! నీటి బయట మూత బిగించుకుని గంటలకొద్దీ ఉండగలవుగానీ, నీళ్లు అసలు చేరని చోట బతకలేవు.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోవాలి. దాని మీదే ఆ సాయంత్రం పిల్లాడి క్షేమం ఆధారపడింది.

సంద్రం రాయి, మన రాయి

నాలుగున్నర అయింది. మడుగుల్లో మునిగిపోయిన పిల్లాడు ఒక రాయి మీద నుంచి ఇంకో రాయి మీదికి వెళ్తూ వెళ్తూ చాలా దూరం పోయాడు. అమ్మానాన్నలు ఒడ్డునే ఉన్నారు. సముద్రం ప్రశాంతంగానే కనిపిస్తోంది. పది నిమిషాల్లో ఒక్క పెద్ద అల కూడా రాలేదు. 'వాడేం నీళ్లలోకి దిగలేదుగా' అన్నది వాళ్ల ధైర్యం.

ఎగువన జోడుగుళ్లపాలెం వైపు నుంచి వల భుజాన వేసుకుని వస్తున్న ఓ పెద్దాయన అది చూసి ఆగాడు. కేక వేయలేదు. కేక వేస్తే పిల్లాడు ఉలిక్కిపడి జారతాడని కాబోలు. రాళ్ల మీద గబగబా నడిచి వెళ్లి చేయి పట్టుకున్నాడు.

''ఏటి బాబూ, ఇంత దూరమొచ్చేసావు? పద, పద. అమ్మ కాడికెల్దాం.''

''ఇక్కడ నీళ్లు రావట్లేదుగా తాతా.''

''ఇప్పుడు రావట్లేదు. కాళ్ల కింద సూడు. గుల్లలున్నాయా? గుల్లలున్న రాయి సంద్రానిది. గుల్లల్లేని రాయి మనది. గుర్తెట్టుకో.''

ఆయన చెప్పిన రెండు ముక్కల్లో ఎంత ఉందో చూడండి. ఎండ రోజుల్లో అల ఎంతవరకు వస్తుందో తెలుసుకోవడం తేలిక. తడిగా ఉన్న రాయి దాకా అల వచ్చి వెళ్లినట్టే. కానీ వాన రోజున? రాళ్లన్నీ తడిసే ఉంటాయి. ఉన్న ఒక్క ఆనవాలూ చెరిగిపోతుంది. అప్పుడు చూడాల్సింది బార్నకిల్స్‌నీ, ఆల్చిప్పలనీ, పచ్చనాచునీ. అవి ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా సముద్రం రోజూ వచ్చి వెళ్తున్నట్టే లెక్క. ఈ క్షణాన నీళ్లు లేకపోవచ్చు, అంతే.

ఇద్దరూ పది అడుగులు వెనక్కి వచ్చారో లేదో, అల వచ్చింది. ఆకాశమంత ఏమీ కాదు. నడుం లోతు ఉంటుందేమో. పిల్లాడు అంతదాకా కూర్చున్న మడుగునీ, ఆ రాయినీ, పక్కన విడిచి పెట్టిన ఒక చెప్పునీ కలిపి తుడిచేసి వెళ్లింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక మరోటి. ఆ తర్వాత మళ్లీ ఏమీ ఎరగనట్టు ప్రశాంతం.

అమ్మ పరిగెత్తుకొచ్చి పిల్లాణ్ని పట్టుకుంది. కొట్టలేదు. తిట్టనూ లేదు. పెద్దాయనకి దండం పెట్టింది. ''పర్లేదు తల్లీ, మా పిల్లలయినా ఇంతే'' అని ఆయన వల సర్దుకుని వెళ్లిపోయాడు.

పది నిమిషాల నిశ్శబ్దం తర్వాత అంత అల ఎక్కణ్నుంచి వచ్చింది? చాలాదూరం నుంచే. రుతుపవనాల కాలంలో బంగాళాఖాతానికి వచ్చే పొడవాటి అలలు కొన్ని ఎక్కడో దక్షిణ మహాసముద్రంలోని తుపాను గాలులకు పుట్టి, వేల కిలోమీటర్లు, రోజుల తరబడి ప్రయాణించి వస్తాయి. అవి గుంపులు గుంపులుగా వస్తాయి. గుంపుకీ గుంపుకీ మధ్య సముద్రం సద్దుమణిగినట్టు కనిపిస్తుంది. విశాఖ తీరంలో ఏటా జరిగే ప్రమాదాల్లో కొట్టుకుపోయే వాళ్లంతా ఈతకు దిగినవాళ్లే కాదు. రాయి మీద నిలబడి ఫొటో దిగుతున్నవాళ్లూ ఉంటారు. సముద్రానికి వీపు చూపించి నిలబడేది వాళ్లే కదా! తడిసిన నాచు మీద రబ్బరు చెప్పు ఎలా జారుతుందో చెప్పక్కర్లేదు. వెనక పట్టీ ఉన్న బూట్లో శాండిల్సో నయం. నీటి పాటు మొదలయ్యేటప్పుడు దిగి, పోటు తిరగ్గానే పైకి వచ్చేయాలి. వెళ్లే ముందు వార్తలు చూసుకోవాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తయిన అలల హెచ్చరికలు ఇస్తుంది. విశాఖలోనే తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. ఓడరేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని వింటే ఆ రోజుకి రాళ్ల సంగతి మరిచిపోయి పార్కు పైనుంచే చూసి రావాలి. పైనుంచి చూసినా తక్కువ అందంగా ఏం ఉండదు.

చీకటి పడుతుండగా వాన మళ్లీ అందుకుంది. పొట్లాల్లో మురీ మిక్చర్ కట్టించుకుని, తడిబట్టలతోనే ఆటో ఎక్కారు. పొద్దున్న దింపిన డ్రైవరే. పిల్లాడి కాళ్ల వైపు చూశాడు. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు.

''ఒక చెప్పేనా? నయమే బాబూ. రెండోది కూడా ఇసిరేసి రాపోయావా, దొరికినోడికి జతయినా కుదురును.''

సోమవారం పొద్దున తెరిపిచ్చింది. లాడ్జి ఖాళీ చేసే ముందు మరోసారి వచ్చారు. చెప్పు దొరకలేదు. పోటు మీదున్న సముద్రం మెట్ల దగ్గరిదాకా వచ్చి పోతోంది. పిల్లది మాత్రం చివరి మెట్టు దిగేముందు వంగి, పక్కనున్న రాతిని చేత్తో తడిమి చూసింది. గుల్లలు లేవు. అప్పుడు కూర్చుంది.